ఖాళీ కుర్చీకి పేరు వెతికే ముందు

ప్రశ్న: నమస్కారం. నేను ఒక సహకార సంస్థలో బోర్డు కార్యదర్శిగా పనిచేస్తున్నాను. 30కి పైగా నగరపాలక సంస్థలు, కొన్ని ప్రభుత్వ శాఖలు కలిసి పెట్టుకున్న ఐటీ కోఆపరేటివ్ మాది. జీతాల లెక్కలు, పన్నుల వసూలు, జనన మరణ రిజిస్టర్లు నడిచే సాఫ్ట్‌వేర్, సర్వర్లు, వాటి భద్రత అన్నీ మేమే చూస్తాం. రోజువారీ పని మేనేజ్‌మెంట్ చేస్తుంది. దాని మీద ఐదుగురి పర్యవేక్షక మండలి ఉంటుంది. అందులో ఒకరి పదవీకాలం వచ్చే జనరల్ బాడీతో అయిపోతోంది.

మా అధ్యక్షుడు ఒక పెద్ద ఐటీ కంపెనీలో ఉన్నత పదవి చేసి రిటైరైన ఒకాయన్ని తీసుకుందామంటున్నారు. పేరు చెబితే అందరూ గుర్తుపట్టే మనిషి. మా సభ్యుల్లో అతి పెద్ద నగరం మాత్రం తమ ఐటీ విభాగం అధిపతినే పెట్టాలని పట్టుబడుతోంది. మా ఆదాయంలో దాదాపు మూడో వంతు ఆ నగరం కట్టే బిల్లులే. కాదంటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. ప్రకటన వేస్తే ఇంకో 11 దరఖాస్తులు వచ్చాయి, కాగితం మీద అందరూ గొప్పవాళ్లే. ఎంపిక కమిటీకి కాగితాలు తయారు చేయాల్సింది నేనే. ఎలాంటి మనిషిని వెతకాలి? ఐటీ తెలిసి ఉండాలా? ఇంటర్వ్యూలో ఏం అడగాలి? మేమిచ్చే గౌరవ వేతనం చాలా తక్కువ, అది ముందే చెప్పేయాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరి పేర్లు ముందుకు వచ్చాయి, 11 దరఖాస్తులు వచ్చాయి. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేయాల్సిన పని ఏమిటో మాత్రం ఎవరూ రాసుకున్నట్టు లేదు. అది రాసుకోకుండా ఎంతమందిని చూసినా అందరూ బాగానే కనిపిస్తారు. ఆ దరఖాస్తుల ఫైలు ఒక వారం పక్కన పెట్టండి.

ఈ వారంలో గత రెండేళ్ల మినిట్స్ తీయండి. మీ దగ్గర ఉన్నన్ని వివరాలు ఇంకెవరి దగ్గరా ఉండవు, ఈ పని మీరే చేయగలరు. ప్రతి మీటింగులో ప్రతి అంశం పక్కన రెండే గుర్తులు వేయండి: ఎవరైనా ప్రశ్న అడిగారా, ఆ ప్రశ్న వల్ల ఏమైనా మారిందా. చివరికి ఒక పట్టిక తయారవుతుంది. ధరల దగ్గర గంటన్నర వాదన జరిగి ఉంటుంది, కొత్త ఆఫీసు భవనం దగ్గర ఐదుగురూ మాట్లాడి ఉంటారు. ‘సభ్యులు నివేదికను గమనించారు’ అన్న ఒక్క వాక్యంతో వెళ్లిపోయిన అంశాలు కూడా కనిపిస్తాయి. ఒకే అంశం ఎనిమిది మీటింగుల్లో ఎనిమిదిసార్లూ అలాగే వెళ్లిపోయిందంటే, మీకు కావలసిన మనిషి ఎవరో అక్కడ రాసి ఉన్నట్టే. ఆ అంశం దగ్గర నోరు విప్పగలిగే మనిషి కావాలి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఇలాంటి ఒక ఉమ్మడి సంస్థ పర్యవేక్షక మండలిలో నేను ఆరేళ్లు ఉన్నాను. మూడు నెలలకోసారి మీటింగు, దానికి వారం ముందు 80, 90 పేజీల ఫైలు వచ్చేది. అందులో రిస్కుల పట్టిక ఒకటి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. ‘బ్యాకప్ నుంచి డేటా తిరిగి తేవడం’ అన్న వరుస ఎప్పుడూ ఆకుపచ్చే. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉండేది: ‘రిస్టోర్ టెస్టు వచ్చే త్రైమాసికానికి వాయిదా.’ వరుసగా నాలుగు ఫైళ్లలో ఆ గమనిక ఒక్క అక్షరం మారకుండా వచ్చింది. నేను దాన్ని చదివాను. చదివి, ఆకుపచ్చగానే ఉంది కదా అని పేజీ తిప్పాను. మా మండలిలో మంచి లాయరు ఉన్నారు, పేరున్న ఆర్థిక నిపుణుడు ఉన్నారు, టెక్నాలజీ కంపెనీ నడిపిన మనిషి ఉన్నారు. ఎవరమూ అడగలేదు. ఐదో ఫైలు రావడానికి ముందే స్టోరేజీ యంత్రం ఒకటి పాడైంది. బ్యాకప్ ఉంది, కానీ దాన్ని వెనక్కి తేవడం ఎవరికీ అలవాటు లేదు. జీతాల డేటా సరిగ్గా నిలబడడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ నెల కొన్ని వేల మందికి జీతం ఆలస్యమైంది. ‘టెస్టు చేయని దానికి ఆకుపచ్చ రంగు ఎలా వేశారు?’ అన్న ఒక్క ప్రశ్న మాలో ఒకరికి రావాల్సింది.

ఆ ప్రశ్న వేసే మనిషికి ఐటీ తెలిసి ఉండాలా అన్నది మీ రెండో ప్రశ్న. ఐదుగురిలో కనీసం ఒకరికి బాగా తెలిసి ఉండాలి, ఇద్దరుంటే ఇంకా మంచిది. అయితే ప్రోగ్రాములు రాయడం వేరు, మీకు కావలసిన అనుభవం వేరు. పాత సిస్టమ్ నుంచి కొత్త దానికి మారినప్పుడు నిద్రలేని రాత్రులు గడిపినవాళ్లు, ఒక వెండర్ (సాఫ్ట్‌వేర్, యంత్రాలు అమ్మే కంపెనీ) ఒప్పందం నుంచి బయటపడడానికి ఎంత ఖర్చయిందో లెక్క కట్టినవాళ్లు, సర్వీసు ఆగిపోయిన రోజున జనానికి సమాధానం చెప్పినవాళ్లు కావాలి. ఈ మూడింటిలో ఒకటైనా స్వయంగా అనుభవించినవాళ్లకు ఫైలులో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

జర్మనీలో జరిగింది చూడండి. సుడ్‌వెస్ట్‌ఫాలెన్ ఐటీ అనే సంస్థ మీద 2023 అక్టోబరు చివర్లో రాన్సమ్‌వేర్ దాడి, అంటే డేటాకు తాళం వేసి డబ్బు గుంజే దాడి జరిగింది. అది కోఆపరేటివ్ కాదు గానీ, మీలాగే స్థానిక సంస్థలు కలిసి పెట్టుకున్న ఐటీ సంస్థే. 70కి పైగా స్థానిక సంస్థల పనులు దెబ్బతిన్నాయి, అన్నీ మళ్లీ మామూలు కావడానికి నెలలు పట్టింది. తర్వాత బయటపెట్టిన నిపుణుల నివేదిక ప్రకారం దాడి చేసినవాళ్లు వీపీఎన్ (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి ఉండే కనెక్షన్) దారిలో లోపలికి వచ్చారు, ఆ దారికి పాస్‌వర్డ్ తర్వాత ఉండాల్సిన రెండో అంచె ధ్రువీకరణ లేదు. ‘బయటినుంచి మన నెట్‌వర్క్‌లోకి ఎన్ని దారులున్నాయి, ప్రతి దారికీ రెండో తాళం ఉందా?’ అని అడగడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. జవాబు వచ్చాక అది నిజమైన జవాబో మాటల గారడీయో పట్టుకోవడానికి మాత్రం తెలిసిన మనిషి ఒకరు కావాలి. యూరోపియన్ యూనియన్ సైబర్ భద్రత మీద 2022లో తెచ్చిన ఎన్ఐఎస్2 ఆదేశం కూడా ఇదే కోరుతోంది. దాని పరిధిలోకి వచ్చే సంస్థల్లో సైబర్ భద్రత చర్యలను ఆమోదించడం, అమలును పర్యవేక్షించడం పాలక మండలి బాధ్యత. అందుకు శిక్షణ కూడా పొందాలి. ‘అది ఐటీ వాళ్లు చూసుకుంటారు’ అని తప్పుకునే వీలు లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మీలాంటి కోఆపరేటివ్‌లో యజమాని, కస్టమరు ఒకరే. సభ్య నగరం పొద్దున మీ దగ్గర సర్వీసు కొంటుంది, సాయంత్రం మీ ధరలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే మండలిలో కూర్చుంటుంది. కోఆపరేటివ్ అందమూ అదే, ప్రమాదమూ అదే. కస్టమరుగా ఆలోచిస్తే ఈ ఏడు బిల్లు తగ్గాలి. యజమానిగా ఆలోచిస్తే ఐదేళ్ల తర్వాత సర్వర్లు మార్చడానికి నిధి ఉండాలి. పెద్ద నగరం ఐటీ అధిపతిని మీరు మండలిలో కూర్చోబెడితే ఆయన రోజూ మీ మేనేజ్‌మెంట్‌కి ఆర్డర్లు, ఫిర్యాదులు పంపే మనిషి. తన పని ముందు కావాలని అడగడం ఆయన ఉద్యోగ ధర్మం. ఆ మనిషినే అదే మేనేజ్‌మెంట్ పనితీరుకు మార్కులు వేయమనడం ఆయనకు కూడా అన్యాయం. ఆయన ఎంత నిజాయితీపరుడైనా చిన్న సభ్యులు ఆ మాట నమ్మరు.

ఆయన్ని చట్టం అడ్డుకుంటుందని నేను అనడం లేదు. జర్మనీ సహకార చట్టంలో పర్యవేక్షక మండలికి ఎన్నికయ్యేవాళ్లు కోఆపరేటివ్ సభ్యులే అయి ఉండాలి. సభ్యులు సంస్థలైతే, వాటి తరఫున వ్యవహరించే అధికారం ఉన్నవాళ్లను ఎన్నుకోవచ్చు. అలాంటి చోట మీ అధ్యక్షుడు చెప్పే రిటైరైన పెద్దమనిషికే దారి ఉండదు. నెదర్లాండ్స్‌లో 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, పర్యవేక్షకులు చూడాల్సింది సంస్థ ప్రయోజనం. తమ సొంత ప్రయోజనం అడ్డొచ్చే అంశం మీద చర్చలోనూ నిర్ణయంలోనూ పాల్గొనకూడదు. మీ దేశంలో ఏది వర్తిస్తుందో, మీ బైలాస్‌లో, అంటే సంస్థ సొంత నియమావళిలో, బయటివాళ్లకు చోటుందో లేదో ముందు ఆ పేజీ తీసి చూడండి. ప్రకటన వేసి 11 దరఖాస్తులు తీసుకున్నాక, వాళ్లలో సగం మందికి అర్హతే లేదని తేలితే మీ సంస్థ మాటకు విలువ పోతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామంది మర్చిపోతారు. సభ్యులు మీకు టెండర్ లేకుండా పని ఇవ్వగలుగుతున్నారంటే అది ఊరికే వచ్చిన సౌకర్యం కాదు. యూరప్‌లో దీని మూలం యూరోపియన్ యూనియన్ కోర్టు 1999లో ఇచ్చిన టెకాల్ తీర్పు. దాన్నే 2014 ప్రొక్యూర్‌మెంట్ (ప్రభుత్వ కొనుగోళ్ల) ఆదేశం 12వ అధికరణలో వివరంగా రాశారు. పలు ప్రభుత్వ సంస్థలు కలిసి అదుపు చేసే సంస్థ అయితే, నిర్ణయాలు తీసుకునే మండళ్లలో పాల్గొనే సంస్థలన్నిటి తరఫునా ప్రతినిధులు ఉండాలి. ఒకరే పలువురి తరఫున కూర్చోవచ్చు. పనిలో 80 శాతం కంటే ఎక్కువ ఆ సంస్థల కోసమే జరగాలి. నేరుగా ప్రైవేటు పెట్టుబడి సాధారణంగా ఉండకూడదు. ఆ అధికరణ అడిగేది సభ్యులందరి ఉమ్మడి అదుపు. ఒక్క నగరమే స్టీరింగ్ పట్టుకున్నట్టు కనిపిస్తే రేపు ఓడిపోయిన వెండర్ ఎవరైనా కోర్టులో దాన్నే ఎత్తి చూపుతాడు. మీ దేశంలో నియమం వేరైనా సరే, ఈ కుర్చీ మీద మీ లాయరుతో అరగంట మాట్లాడడం మంచిది.

మరి నేనైతే ఏం చేస్తాను? పెద్ద నగరం నుంచే మనిషి రావాలని వాళ్లు గట్టిగా అంటే, ఐటీ విభాగం నుంచి కాకుండా ఆర్థిక విభాగం నుంచో ఆడిట్ విభాగం నుంచో పేరు పంపమంటాను. మీ సర్వీసు రోజూ వాడే మనిషికి, దాని ఖర్చును దూరం నుంచి చూసే మనిషికి తేడా ఉంటుంది. లేదంటే ఒక మధ్యస్థాయి నగరంలో కౌంటరు పనులు చూసే అధికారి పేరు చూస్తాను. సాఫ్ట్‌వేర్ ఆగితే జనం క్యూలో నిలబడేది ఆవిడ కౌంటరు ముందే. అలాంటివాళ్లు మండలిలో ఉంటే ‘లభ్యత (సిస్టమ్ ఆగకుండా నడిచిన సమయం) 99.5 శాతం’ అన్న అంకె చూసి ఊరుకోరు, ఆగిన ఆ కాసేపు ఏ రోజు, ఏ వేళలో అని అడుగుతారు. పన్ను కట్టడానికి ఆఖరి రోజున నాలుగు గంటలు ఆగడం, ఆదివారం రాత్రి నాలుగు గంటలు ఆగడం ఒకటి కాదు కదా.

రిటైరైన పెద్దమనిషి విషయం. వెండర్లు ధర ఎలా కడతారో లోపలినుంచి తెలిసిన మనిషి నిజంగా విలువైనవాడే. పేరు చూసి మాత్రం ఆగిపోవద్దు. ఆ పాత కంపెనీ మీకు ఏమైనా అమ్ముతోందా? ఆయనకు అందులో ఇంకా షేర్లున్నాయా, సలహాదారుగా ఎక్కడైనా ఫీజు తీసుకుంటున్నారా? ఇవన్నీ ఇంటర్వ్యూకి ముందే రాతపూర్వకంగా అడగండి. అడిగితే నొచ్చుకునే మనిషైతే మీ పని సులువైనట్టే. ఇంకో సందేహం కూడా ఉంది. నిర్ణయాలు తీసుకోవడానికి అలవాటుపడ్డవాళ్లు పర్యవేక్షణలోకి వచ్చాక చేతులు కట్టుకుని కూర్చోలేరు. మేనేజ్‌మెంట్ పని తామే చేయడం మొదలుపెడతారు. తర్వాత తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలియకుండా పోతుంది.

ఇంటర్వ్యూకి వస్తే, ‘మీ బలాలేమిటి, మా దృక్పథం ఏమిటనుకుంటున్నారు’ లాంటివి వదిలేయండి. నలుగురు అభ్యర్థుల వరకు వడపోసి, ఒక్కొక్కరికీ 12 పేజీల ఫైలు ఇవ్వండి. మీ పాత బోర్డు ఫైలే, పేర్లు, రహస్యాలు తీసేసి. గోప్యత పత్రం మీద సంతకం తీసుకోండి. అందులో పైన చెప్పిన ఆకుపచ్చ వరుస లాంటిది ఒకటి, పెట్టుబడి ఖర్చు పెరిగినా మొత్తంలో కనబడకుండా సర్దిన లెక్క ఒకటి, ఒకే వెండర్‌తో మూడోసారి పొడిగించిన ఒప్పందం ఒకటి ఉండేలా చూడండి. 40 నిమిషాలు ఒంటరిగా వదిలేసి, తర్వాత ‘ఇది చదివాక మేనేజ్‌మెంట్‌ని మూడు ప్రశ్నలు అడగాలంటే ఏం అడుగుతారు?’ అనండి. అంతే.

ఆ మూడు ప్రశ్నల్లో మనిషి మొత్తం కనబడతాడు. కొందరు ఫైలులో ఉన్నదాన్నే మళ్లీ చెబుతారు. కొందరు ‘నేనైతే ఈ సిస్టమ్ మార్చేస్తాను’ అని పరిష్కారం ఇచ్చేస్తారు. ఒకరో ఇద్దరో మాత్రం వేలు పెట్టి, ‘ఇక్కడ వాయిదా అని ఉంది, ఇదివరకు ఎన్నిసార్లు వాయిదా పడింది?’ అంటారు. వాళ్ల దగ్గర ఆగండి. తర్వాత మేనేజింగ్ డైరెక్టర్ పాత్రలో కమిటీలో ఒకరు కూర్చుని, కాస్త విసుగ్గా, ‘అదంతా సాంకేతిక విషయం, మా వాళ్లు చూసుకుంటారు’ అని జవాబివ్వాలి. ఆ అభ్యర్థి సరే అని ఊరుకుంటారా, గొంతు పెంచుతారా, లేక మర్యాద తప్పకుండా అదే ప్రశ్నను ఇంకో రకంగా అడుగుతారా అన్నది చూడండి. మీ కుర్చీ మూడో రకం వాళ్లది. నా అనుభవంలో అలాంటివాళ్లు ఇంటర్వ్యూలో తొలి పది నిమిషాలు అంతగా ఆకట్టుకోరు. తక్కువ మాట్లాడతారు. కమిటీకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మాటకారికే మార్కులు పడతాయి.

రిఫరెన్సులు అడిగేటప్పుడు అభ్యర్థి పై అధికారులతో మాట్లాడితే పొగడ్తలే వస్తాయి. ఆ మనిషి ఇదివరకు ఏదైనా బోర్డులో ఉండి ఉంటే, ఆ బోర్డుకు జవాబు చెప్పుకున్న మేనేజర్‌తో మాట్లాడండి. ‘ఈయన ఫైలు చదివి వచ్చేవారా?’ అని అడగండి. ఫోనులో ఆ చివర ఒక్క క్షణం మౌనం వస్తే ఆ మౌనాన్ని కూడా నోట్ చేసుకోండి.

గౌరవ వేతనం గురించి ఏమీ దాచొద్దు, ప్రకటనలోనే అంకె వేసి ఉండాల్సింది. ఇప్పుడైనా నలుగురికీ రాసి పంపండి. డబ్బు కంటే సమయం ముఖ్యం. ఏటా ఆరు మీటింగులనుకుంటే ఒక్కోదానికి ఫైలు చదవడానికి ఒక రోజు, మీటింగు ఒక పూట, ఆడిటర్‌తో, కమిటీలతో ఇంకొన్ని రోజులు. మొత్తం 15 రోజులకు తక్కువ కాదు, ఏదైనా సంక్షోభం వస్తే రెట్టింపు. బాధ్యత కూడా స్పష్టంగా చెప్పండి. చాలా దేశాల చట్టాల్లో, నిర్లక్ష్యం వల్ల సంస్థకు నష్టం జరిగితే పర్యవేక్షకులు సొంతంగా జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. సంస్థ వాళ్లకు బీమా తీసిందా లేదా అన్నది ఆ ఉత్తరంలోనే ఉండాలి. ఇదంతా చదివాక ఒకరు తప్పుకుంటే మంచిదే, ఎన్నికయ్యాక తప్పుకోవడం కంటే నయం. లాభాన్ని బట్టి పెరిగే వేతనం ఇద్దామని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. జర్మనీ సహకార చట్టం పర్యవేక్షకులకు దాన్ని నిషేధించింది. అంకెలు బాగుంటే తన జేబు నిండే మనిషి ఆ అంకెల్ని అనుమానించలేడు.

చివరికి ఎన్నుకునేది జనరల్ బాడీ. కమిటీ సిఫారసుతో పాటు, మీరు మినిట్స్ నుంచి తీసిన పట్టిక కూడా, పేర్లు లేకుండా, సభ్యులకు పంపమని మీ అధ్యక్షుణ్ణి ఒప్పించండి. ఈ అభ్యర్థి ఎందుకో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. పెద్ద నగరం విషయంలో మీ టెన్షన్ నాకు అర్థమైంది. తమ ఐటీ అధిపతిని తీసుకోవడం లేదన్న కబురు వాళ్లకు నోటీసులో తెలియకూడదు, అలాగే ఆ మాట మీరు చెప్పకూడదు. అధ్యక్షుడే స్వయంగా వెళ్లి ఆ నగర పాలక సంస్థ పెద్దలతో మాట్లాడాలి. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో ఆమోదించిన ఏడు సూత్రాల్లో రెండోది సభ్యుల ప్రజాస్వామ్య నియంత్రణ. మీ బైలాస్‌లో ఓట్ల లెక్క ఎలా ఉన్నా, మూడో వంతు బిల్లు కట్టినందుకు కుర్చీ హక్కుగా రాదని మెత్తగా, కానీ తేల్చి చెప్పాలి. వాళ్లకు నిజంగా కావలసింది తమ ఫిర్యాదులు వినే చోటు. దానికి మండలి కాకుండా సర్వీసు వాడే సభ్యుల కమిటీ పెట్టి, వాళ్ల ఐటీ అధిపతినే దానికి అధ్యక్షుణ్ణి చేయమనండి. ఆయన అనుభవం అక్కడ బాగా పనికొస్తుంది, చిన్న నగరాలు కూడా ఆయన మాట అక్కడ సంతోషంగా వింటాయి.

ఎన్నిక అయ్యాక ఒక పని మిమ్మల్ని ప్రత్యేకంగా అడుగుతున్నాను. కొత్త సభ్యులకు సాధారణంగా బైలాస్, బ్యాలెన్స్ షీటు, ఒక శాలువా ఇచ్చి ఊరుకుంటారు. వాటితోపాటు మీ వాళ్లు బ్యాకప్ నుంచి రిస్టోర్ టెస్టు చేసే తేదీ కనుక్కోండి. ఆ తేదీ ఖరారు కాకపోతే ఖరారు చేయించండి. ఆ రోజు ఆ కొత్త మనిషిని తీసుకెళ్లి, టెస్టు మొదలైన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా ఆపరేటర్ల పక్కన కూర్చోబెట్టండి.